గీత మళ్లీ జరగకముందే గంటలు లెక్కపెట్టండి

అమెరికాలో సొంతంగా వ్యాపారం చేసుకుంటున్న తెలుగువాళ్లు ఇవాళ చాలామందే ఉన్నారు. ఐటీ కన్సల్టెన్సీలు, రెస్టారెంట్లు, ఇండియన్ గ్రోసరీ స్టోర్లు, గ్యాస్ స్టేషన్లు, క్లినిక్‌లు నడుపుతున్నారు. పనిచేసేవాళ్లు ఐదుగురైనా యాభై మందైనా ఆ యజమానులందరికీ ఒక ప్రశ్న తప్పదు. శాలరీ మీద పెట్టుకున్న మనిషి వారంలో నలభై గంటలు దాటి పనిచేస్తే ఓవర్‌టైం ఇవ్వాలా, అక్కర్లేదా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పే ఫెడరల్ నిబంధనలో ఒక జీతపు పరిమితి ఉంది. గడిచిన పదేళ్లలో అది ఒకసారి పెరగబోయి ఆగింది, ఒకసారి పెరిగింది, మరోసారి పెరిగి నాలుగున్నర నెలలకే పాత చోటికి వెళ్లిపోయింది. రేపు మళ్లీ మారదని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఇలాంటప్పుడు ఎక్కువమంది యజమానులు కొత్త అంకె ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తూ కూర్చుంటారు. అంకె ఎటు మారినా వృథా కాని సన్నాహం ఒకటుంది. తన దగ్గర ఎవరు ఎన్ని గంటలు పనిచేస్తున్నారో, ఆ గంటల్లో నిజంగా ఏం చేస్తున్నారో యజమాని కచ్చితంగా తెలుసుకోవడమే ఆ సన్నాహం. ఎందుకో ఇవాళ వివరంగా చెబుతాను.

ఓవర్‌టైం చట్టం 1938 నాటిది. ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్ అధ్యక్షుడిగా, ఫ్రాన్సిస్ పెర్కిన్స్ కార్మిక మంత్రిగా ఉన్న రోజుల్లో వచ్చిన ఫెయిర్ లేబర్ స్టాండర్డ్స్ యాక్ట్ అది. వారానికి నలభై గంటలు దాటిన ప్రతి గంటకూ ఒకటిన్నర రెట్లు కట్టాలన్నది నేడు దానిలోని ముఖ్య సూత్రం. మహామాంద్యం కాలంలో ఒక్కడి చేతే అరవై గంటలు చేయించుకోకుండా ఇంకొకడికి కూడా పని దొరకాలన్నది ఒక ఉద్దేశం. పనిచేసే మనిషికి ఇల్లు చేరే వేళంటూ ఒకటుండాలన్నది రెండోది. అయితే నిర్వాహకులకు, పాలనా బాధ్యతలున్నవారికి, వృత్తి నిపుణులకు చట్టం మొదటి నుంచీ మినహాయింపు ఇచ్చింది. పేరోల్ చేసేవాళ్లు ‘ఎగ్జెంప్ట్’ అనేది వీళ్లనే. సాధారణంగా ఈ మినహాయింపుకు మూడు షరతులు ఒకేసారి నెరవేరాలి. పని ఎక్కువైనా తక్కువైనా మారని స్థిరమైన జీతం రావాలి. ఆ జీతం ప్రభుత్వం గీసిన గీతకు తగ్గకూడదు. చేసే పని నిజంగా ఆ తరహాదై ఉండాలి. మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా ఓవర్‌టైం ఇవ్వాల్సిందే. డాక్టర్లు, లాయర్లు, టీచర్ల విషయంలో మాత్రం జీతపు గీత చూడరు. ఇలాంటి గీత మన దేశానికీ కొత్త కాదు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లలో సూపర్‌వైజరు పనిచేసే మనిషి జీతం నెలకు 18,000 రూపాయలు దాటితే ‘కార్మికుడు’ అన్న నిర్వచనంలోకి రాడు. హైదరాబాదులోనో విశాఖలోనో యూనిట్ నడిపి అమెరికాకు వచ్చినవారికి ఈ ఆలోచన పరిచయమైనదే. అక్కడికీ ఇక్కడికీ గీత ఉన్న ఎత్తు వేరు, దాన్ని తప్పితే పడే దెబ్బ వేరు.

ఈ గీత నడిచిన దారి చూడండి. 1975లో దాన్ని నిర్వాహకులకు వారానికి 155 డాలర్ల దగ్గర పెట్టారు. ఆ తర్వాత ధరలు ఎంత పెరిగినా 2004 దాకా దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. 2004లో 455 డాలర్లు చేశారు. 2016లో ఒబామా ప్రభుత్వం దాన్ని ఒక్కసారిగా 913కు, అంటే ఏడాదికి 47,476 డాలర్లకు పెంచింది. డిసెంబరు 1 నుంచి అమలు కావాల్సి ఉండగా నవంబరు 22న టెక్సస్ తూర్పు జిల్లా ఫెడరల్ జడ్జి అమోస్ మజాంట్ దాన్ని ఆపేశారు. ట్రంప్ తొలి హయాంలో 684 డాలర్లుగా ఖరారై 2020 జనవరి 1 నుంచి అమలైంది. ఏడాదికి చూస్తే 35,568. బైడెన్ ప్రభుత్వం 2024 జూలై 1న దాన్ని 844కు, అంటే ఏడాదికి 43,888కి తెచ్చింది. 2025 జనవరి 1న 1,128కి, అంటే 58,656కి తేవాలనీ, 2027 నుంచి మూడేళ్లకోసారి దానంతటదే పెరగాలనీ నిర్ణయించింది. 2024 నవంబరు 15న అదే టెక్సస్ తూర్పు జిల్లాలో జడ్జి షాన్ జోర్డన్ ఆ నిబంధన మొత్తాన్నీ దేశమంతటికీ వర్తించేలా కొట్టేశారు. జనవరిలో రావాల్సిన పెంపుతో పాటు, అప్పటికే అమలైన జూలై పెంపు కూడా పోయింది. మినహాయింపును నిర్ణయించాల్సింది ప్రధానంగా పని స్వభావమనీ, జీతం అంకె దాన్ని పక్కకు నెట్టేయకూడదనీ ఆ తీర్పు సారాంశం. ఆ దావా వేసినవాళ్లలో టెక్సస్ రాష్ట్రంతో పాటు ప్లేనో వాణిజ్య మండలి కూడా ఉంది. ప్లేనో, ఫ్రిస్కో ప్రాంతాల్లో ఎంతమంది తెలుగువాళ్లు ఇళ్లు కొనుక్కుని వ్యాపారాలు పెట్టుకున్నారో మీకు తెలుసు. ఈ గీత మీద పోరు వాళ్ల ఇంటి ముంగిట్లోనే జరిగింది.

2016లోనూ 2024లోనూ యజమానులు ఒకే తప్పు చేశారని నా అభిప్రాయం. కొత్త అంకెకు కాస్త దిగువన ఉన్నవాళ్ల జాబితా తీసి, వాళ్లను పైకి తేవాలా వద్దా అని మాత్రమే ఆలోచించారు. ఆ నిర్ణయానికి కావాల్సిన అసలు సమాచారం ఆ జాబితాలో లేదు. ఒక లెక్క చేసి చూద్దాం. ఏడాదికి 40,000 డాలర్ల శాలరీ మీద స్టోరు చూసుకునే ఒక ఉద్యోగిని అనుకోండి. ఏడాదికి 2,080 గంటలు పెట్టుకుంటే గంటకు 19 డాలర్ల 23 సెంట్లు. ఓవర్‌టైం గంటకు 28 డాలర్ల 85 సెంట్లు. వారానికి ఒక్క గంట అదనంగా చేస్తే ఏడాది తిరిగేసరికి 1,500 డాలర్లవుతుంది. ఇప్పుడు గీత 43,888కి పెరిగిందనుకుందాం. జీతం అక్కడికి పెంచడానికి అయ్యే ఖర్చు 3,888 డాలర్లు. ఆమె వారానికి సగటున రెండున్నర గంటలకు పైగా అదనంగా చేస్తుంటే జీతం పెంచడం లాభం, అంతకన్నా తక్కువ చేస్తుంటే ఓవర్‌టైం కట్టడమే లాభం. గీత 58,656కి పోతే పెంపు ఖర్చు 18,656 డాలర్లు. ఆమె వారానికి పది గంటలు అదనంగా చేసినా ఓవర్‌టైం ఖర్చు 15,000 దగ్గర ఆగుతుంది. అంటే అప్పుడు కూడా జీతం పెంచడం కన్నా ఓవర్‌టైం కట్టడమే చౌక. ఇంకా మంచి దారి, ఆ పది గంటల పనిని ఇంకొకరికి పంచడం. ఈ మూడు దారుల్లో ఏది ఎంచుకోవాలో చెప్పేది ఆమె పనిచేసే గంటలే. ఆ గంటలే యజమాని దగ్గర రాసి లేవు. ఎగ్జెంప్ట్ కదా అని ఆమె గంటలు ఎవరూ రాయలేదు. ఎంత ఖర్చవుతుందో తెలియకుండా ఖర్చు గురించి నిర్ణయం తీసుకోవాల్సిన స్థితి ఇది.

కొందరు ఇంకో ఉపాయం చెబుతారు. మొత్తం జీతం మారకుండా గంట రేటు తగ్గించి, ఓవర్‌టైంతో కలిపి అదే 40,000 వచ్చేలా చేస్తే సరిపోతుంది కదా అంటారు. యాభై గంటల వారానికి లెక్కేస్తే గంటకు 14 డాలర్లకు ఒక సెంటు తక్కువ వస్తుంది. కనీస వేతనం ఇంకా గంటకు 7 డాలర్ల 25 సెంట్ల దగ్గరే ఉన్న టెక్సస్‌లో ఇది చట్టానికి లోబడే ఉంటుంది. తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే న్యూజెర్సీలో కనీస వేతనమే 15 డాలర్లు దాటింది, అక్కడ ఈ ఉపాయం చెల్లదు. టెక్సస్‌లో చెల్లినా, అది ఆ మనిషి ముఖం మీద కొట్టినట్టే ఉంటుంది. గంటలు అవే, డబ్బు అదే, కాగితం మీద రేటు మాత్రం తగ్గింది. ఇలా చేసిన చోట నమ్మకమైన ఉద్యోగి ఎక్కువ కాలం నిలవరు.

ఇక పని స్వభావం సంగతి. అసలు ప్రమాదం ఇక్కడే ఉందని నేను గట్టిగా నమ్ముతున్నాను, ఎందుకంటే గీత కదిలినా కదలకపోయినా ఈ షరతు మారదు. నిర్వాహకుడనిపించుకోవాలంటే ప్రధానమైన పని నిర్వహణే కావాలి, కనీసం ఇద్దరు పూర్తికాలం ఉద్యోగులను నడిపించాలి, వాళ్లను పెట్టుకోవడంలో తీసేయడంలో ఆయన మాటకు విలువ ఉండాలి. అసిస్టెంట్ మేనేజర్ అని బోర్డు పెట్టి, రోజంతా కౌంటర్లో నిలబెట్టి, రాత్రి సరుకు సర్దించుకుంటే ఆయన మేనేజరు కాడు. ఈ పేర్ల వాడకం మీద లారెన్ కోహెన్, ఉమిత్ గురున్, బుగ్రా ఓజెల్ అనే ముగ్గురు పరిశోధకులు లక్షల ఉద్యోగ ప్రకటనలు పరిశీలించారు. 2023లో వెలువడిన ఆ అధ్యయనంలో, శాలరీ ఫెడరల్ గీతకు కాస్త పైన ఉన్నచోట ‘మేనేజర్’ తరహా పేర్లు 485 శాతం ఎక్కువగా కనబడ్డాయి. కార్పెట్లు కడిగే మనిషిని ‘కార్పెట్ షాంపూ మేనేజర్’ అన్న కంపెనీలు కూడా అందులో ఉన్నాయి. చట్టం ఈ పేర్లను పట్టించుకోదు. ఐటీ కన్సల్టెన్సీలకు ఇదే హెచ్చరిక. సిస్టమ్స్ అనలిస్టులకు, ప్రోగ్రామర్లకు, సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లకు ఫెడరల్ నిబంధనల్లో ప్రత్యేక మినహాయింపు ఉంది. గంటకు 27 డాలర్ల 63 సెంట్లు ఇచ్చినా అది వర్తిస్తుంది. కానీ హెల్ప్ డెస్కులో పాస్‌వర్డులు రీసెట్ చేసేవారికి, మెషీన్లు బాగుచేసేవారికి అది వర్తించదు. అందరినీ ‘కన్సల్టెంట్’ అని రాసుకున్నంత మాత్రాన తేడా చెరిగిపోదు. జీతం ఎక్కువైతే భయం లేదనుకునేవారు 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు హీలిక్స్ ఎనర్జీ కేసులో ఇచ్చిన తీర్పు తెలుసుకోవాలి. ఏడాదికి రెండు లక్షల డాలర్లు దాటి సంపాదించిన ఒక చమురు రిగ్గు ఉద్యోగికి ఓవర్‌టైం రావాల్సిందేనని కోర్టు చెప్పింది. కారణం ఒక్కటే. ఆయనకు రోజుకింతని కట్టారు, వారానికి స్థిరమైన జీతంగా కట్టలేదు. మొదటి షరతు తప్పింది, సంపాదన ఎంతైనా మినహాయింపు పోయింది.

‘కోర్టు కొట్టేసింది కదా, 684 దగ్గరే ఉంది కదా, ఇప్పుడెందుకు ఈ హడావిడి’ అనేవారికి రాష్ట్రాలను చూపిస్తాను. ఫెడరల్ గీత కింది హద్దు మాత్రమే. రాష్ట్రం గీత దానికన్నా ఎత్తుగా ఉంటే ఆ ఎత్తే పాటించాలి. కాలిఫోర్నియాలో ఎగ్జెంప్ట్ జీతం కనీస వేతనానికి రెట్టింపు ఉండాలి. 2025లో అది ఏడాదికి 68,640 డాలర్లు. న్యూయార్క్ నగరంలో నిర్వాహకులకు, పాలనా ఉద్యోగులకు అదే ఏడాది 64,350. వాషింగ్టన్ రాష్ట్రంలో యాభై మందికి పైగా పనిచేసే సంస్థల్లో అదే ఏడాది 77,968 డాలర్లు దాటింది. అది 2028 దాకా మెట్టు మెట్టుగా పెరిగేలా రాష్ట్రం ముందే నిర్ణయించి పెట్టింది. ఫెడరల్ గీత కన్నా ఎంతో ఎత్తున ఉన్న ఈ అంకెలు టెక్సస్ జడ్జి తీర్పుతో కదలలేదు. కంప్యూటర్ నిపుణుల సంగతి ఇంకా పెద్దది. ఫెడరల్ నిబంధనలో గంటకు 27 డాలర్ల 63 సెంట్లు సరిపోయే చోట కాలిఫోర్నియా 2025లో ఏడాదికి 1,18,657 డాలర్లకు పైనే అడిగింది. డల్లాస్‌లో ఆఫీసు పెట్టుకుని కాలిఫోర్నియా క్లయింటు దగ్గరికి ఒక ప్రోగ్రామరును లక్ష డాలర్ల మీద పంపిన యజమాని, ఆయన ఎగ్జెంప్టేనని నిశ్చింతగా ఉంటే పొరపాటు పడ్డట్టే. ఇంటి నుంచి పనిచేసే ఉద్యోగి సియాటిల్‌కు మకాం మార్చినా ఇదే చిక్కు. హెచ్‌-1బి మీద ఉన్నవారైతే జీతం తగ్గించడం, మార్చడం అన్నవి వీసా కాగితాల్లో యజమాని ఒప్పుకున్న వేతనానికి కూడా కట్టుబడి ఉండాలి.

నాకు ఎదురయ్యే రెండో అభ్యంతరం చిన్న వ్యాపారాల స్తోమత గురించి. అది నిజమైన బాధే, తేలిగ్గా తీసిపారేయను. లాభం పలచగా ఉండే రెస్టారెంటుకు ఏడాదికి 15,000 డాలర్లు చిన్న మాట కాదు. కానీ ఆ ఖర్చును పక్కన పెట్టినంత మాత్రాన అది పోదు, అప్పుగా పేరుకుంటుంది. పైన చెప్పిన లెక్కే తీసుకుని, ఆమె మినహాయింపుకు తగినది కాదని రెండేళ్ల తర్వాత కోర్టు తేల్చిందనుకోండి. బకాయి 30,000. చట్టం ప్రకారం నష్టపరిహారంగా దానికి సమానమైన మొత్తం కలిపితే 60,000. తెలిసీ చేశారని తేలితే రెండేళ్లకు బదులు మూడేళ్లు లెక్కేస్తారు, 90,000 అవుతుంది. అవతలివారి లాయరు ఫీజు దీనికి అదనం. కంపెనీ పేరు మీద ఉంది కదా అని యజమాని సొంతంగా తప్పించుకోవడమూ అంత సులువు కాదు. ఏటా ఐదు లక్షల డాలర్ల అమ్మకాలు దాటని వ్యాపారానికి చట్టం వర్తించదనే మాట కూడా సగమే నిజం, ఎందుకంటే రాష్ట్రాల మధ్య వాణిజ్యంలో చేయి ఉన్న ఉద్యోగికి వ్యాపారం ఎంత చిన్నదైనా చట్టం రక్షణ ఇస్తుంది. ‘ఆయన ఇష్టపడే ఒప్పుకున్నాడు, సంతకం కూడా పెట్టాడు’ అనేదీ చెల్లదు. ఓవర్‌టైం హక్కును ఉద్యోగి వదులుకోలేడని సుప్రీంకోర్టు 1945లోనే చెప్పింది. మనవాళ్లలో ఊరివాడనో, బంధువనో పనిలో పెట్టుకుని నోటి మాటతో నడిపించే అలవాటు ఎక్కువ. ఆ ఆప్యాయత నిజమైనదే కావచ్చు. చట్టం ముందు మాత్రం అది నిలవదు.

మూడో అభ్యంతరం ఉద్యోగుల వైపు నుంచి వస్తుంది. ఇన్నాళ్లూ శాలరీ మీద ఉన్న మనిషిని గంటల లెక్కకు మారిస్తే హోదా తగ్గించినట్టు బాధపడతారు. ఈ బాధను యజమాని గౌరవించాలి. అందుకు చట్టంలోనే దారి ఉంది. స్థిరమైన శాలరీ ఇస్తూనే, నలభై దాటిన గంటలకు ఓవర్‌టైం కట్టవచ్చు. శాలరీ ఉంటే ఓవర్‌టైం ఉండకూడదని ఎక్కడా లేదు. ఈ ఏర్పాటును చాలామంది యజమానులు అసలు ఆలోచించరు, తెలియకే. మార్పు ఎందుకో ఎదురుగా కూర్చోబెట్టి చెప్పి, గంటలు రాయించుకునేది ఆయన కష్టానికి డబ్బు కట్టడానికేనని నమ్మకం కలిగిస్తే అవమానం అనే మాటే రాదు. 2024 జూలైలో 43,888కి జీతం పెంచి, నవంబరు తీర్పు తర్వాత వెనక్కి తీసుకోవాలని ఆలోచించినవారికి కూడా ఇదే చెబుతాను. మున్ముందు జీతం తగ్గించడానికి ఫెడరల్ చట్టం అడ్డురాకపోవచ్చు. కానీ ఇచ్చిన పెంపును నాలుగు నెలలకే లాక్కున్న యజమాని మాట ఆ తర్వాత ఎవరు నమ్ముతారు?

గంటలు రాయడం మీద నేను ఇంతగా పట్టుబట్టడానికి ఒక పాత తీర్పు కూడా కారణం. 1946లో మౌంట్ క్లెమెన్స్ కుండల ఫ్యాక్టరీ కేసులో సుప్రీంకోర్టు, యజమాని దగ్గర సరైన రికార్డులు లేకపోతే ఉద్యోగి సమంజసంగా చెప్పిన అంచనాతోనే లెక్క కట్టవచ్చని తేల్చింది. ఎనభై ఏళ్లయినా ఆ సూత్రం నిలిచే ఉంది. మినహాయింపు ఉందని నిరూపించే భారం కూడా యజమానిదే. 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఆ భారాన్ని మరీ బరువుగా చేయనక్కర్లేదని, మామూలు సివిల్ కేసుల్లో చాలినంత సాక్ష్యం చాలని చెప్పింది. యజమానులకు అది ఊరటే. కానీ మామూలు సాక్ష్యమైనా ఉండాలి కదా! గంటల రికార్డు లేనివాడి దగ్గర ఆ మామూలు సాక్ష్యం కూడా ఉండదు. రాసే గంటల్లో ఏవేవి పడతాయో కూడా తెలుసుకోవాలి. రాత్రి పదింటికి వాట్సాప్‌లో వచ్చిన సరుకు లిస్టుకు జవాబివ్వడం, ఆదివారం ఇంట్లో కూర్చుని షెడ్యూలు వేయడం, షాపు తెరవడానికి ముందు అరగంట సర్దుకోవడం, ఇవన్నీ పని గంటలే. యజమాని అడగకపోయినా, చేస్తున్నట్టు తెలిసి చేయనిస్తే డబ్బు కట్టాల్సిందే.

కాబట్టి వచ్చే పేరోల్ నుంచే మొదలుపెట్టండి. శాలరీ మీద ఉన్న ప్రతి ఉద్యోగి చేత, మినహాయింపు ఉన్నా లేకపోయినా, రెండు మూడు నెలల పాటు గంటలు రాయించండి. ఆఫర్ లెటర్లో రాసిన బాధ్యతలు పక్కన పెట్టి, వాళ్లు నిజంగా చేసే పనులు వాళ్ల మాటల్లోనే రాయించుకోండి. ఎవరు ఏ రాష్ట్రంలో కూర్చుని పనిచేస్తున్నారో ఒక కాగితం మీద పెట్టండి. ఈ మూడూ చేతిలో పట్టుకుని కార్మిక చట్టం తెలిసిన లాయరు దగ్గరికి వెళ్లండి, మీ రాష్ట్రంలో ఈ ఏడాది అంకె ఎంతో ఆయన్నే అడగండి. అనుమానం ఉన్న ఉద్యోగి విషయంలో మినహాయింపు వదులుకుని ఓవర్‌టైం కట్టండి. ఆ డబ్బు ఆ మనిషి కష్టపడి సంపాదించుకున్నది.